గోడలు లేని వాకిలి

నాకు పాత ఇళ్ళ ముక్కల పిచ్చి ఉంది. ముందే చెప్పేస్తే మంచిది. తమిళనాడులోని మా ధర్మపురిలో ఏ వీధిలో పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిసినా, ఆ రోజు నా కుట్టుమిషను మీద గుడ్డ వంకరగానే పోతుంది. మా ఆయన సామాన్లు మోసే చిన్న బండి నడుపుతాడు. ఇక్కడ ఆ బండిని అందరూ కుట్టియానై అంటారు, పిల్ల ఏనుగు అన్నమాట. పడగొట్టిన ఇళ్ళ మట్టీ ఇటుక ముక్కలూ ఊరి బయట పోసి వచ్చే పనులు అతనికి తరచుగా వస్తాయి. పోసే ముందు బండి మా ఇంటి దగ్గర ఆగాలి, నేను ఎక్కి చూడాలి. కొత్తలో తిట్టేవాడు. తిట్లు నా చెవికి ఎక్కవని తెలిశాక, హారను కొట్టి టీ తాగుతూ కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

మా ఇంట్లో సగం సామాన్లు అలా వచ్చినవే. మిషను పెట్టుకున్న బల్ల ఒకప్పటి కిటికీ తలుపు. గిన్నెలు బోర్లించే ఇనుప చట్రం ఎవరింటి వెంటిలేటరో. రంగు అద్దాల ముక్కలు అతికించి వంటింటి కిటికీకి పెట్టాను. పొద్దున ఎండ పడితే పప్పు డబ్బాల మీద ఎరుపూ పచ్చా పాకుతాయి. నీళ్ళతొట్టి గోడ మీద పగిలిన టైల్స్‌తో నెమలిని చేశాను. పక్కింటావిడ చూసి, కోడి చాలా బాగుందని మెచ్చుకుంది. ఆమెతో కొన్నాళ్ళు సరిగా మాట్లాడలేదు.

నవ్వుకోండి, పరవాలేదు. కానీ ఒక ముక్కను చేతిలోకి తీసుకొని తడిగుడ్డతో తుడిచినప్పుడు లోపల్నుంచి ఆ రంగు పైకి వస్తుంది చూడండి, అప్పుడు నేను చేస్తున్న పనే మరిచిపోతాను. ఎవరో ఎప్పుడో ఇష్టపడి వేయించుకున్న నేల అది. గడ్డపారతో పగలగొట్టి, మట్టిలో కలిపి, బండిలో కుమ్మరించినా, ఒక్క తుడుపుకు మెరుస్తుంది. ఆ మెరుపు అంతకాలం ఎక్కడ దాక్కొని ఉంటుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా అమ్మ నా దగ్గరికి వచ్చాకే ఈ పిచ్చికి ఒక పని దొరికింది.

అమ్మ సిత్తాళు. మేస్త్రీల కింద ఇసుక, కంకర, సిమెంటు తలమీద మోసే ఆడకూలీని మా వైపు అలా అంటారు. పాపిరెడ్డిపట్టిలో ఒక అద్దె గదిలో నన్ను పెంచింది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు, నేను ఒక్కదాన్నే పిల్లను. ఆ చుట్టుపక్కల ఎన్ని మిద్దెలకు ఆమె తల మీది తట్టలు ఎక్కాయో ఆమెకే గుర్తు లేదు. వయసు మీద పడ్డాక కంట్లో ఒత్తిడి పెరిగి ఒక కన్ను పోయింది, తర్వాత రెండోది. పోయిన చూపు తిరిగి రాదని ఆస్పత్రిలో చెప్పేశారు. పొయ్యి మీద చెయ్యి కాల్చుకుందని తెలిసిన రోజు నేను వెళ్ళి, ఆమె ఎంత వద్దన్నా వినకుండా, ట్రంకు పెట్టెతో సహా బండిలో ఎక్కించుకొని వచ్చేశాను.

ఎందుకు వద్దందో నాకు తెలుసు. కూతురి ఇంట్లో ఉండి తినడం ఆమెకు చిన్నతనం. అందులోనూ అల్లుడి ఎదుట. మా వాళ్ళలో అత్త అల్లుడితో నేరుగా మాట్లాడదు, అతను వస్తే లేచి పక్కకు తప్పుకుంటుంది. చూపు లేకపోయినా అమ్మ అతని చెప్పుల చప్పుడు వినగానే మంచం మీంచి లేచి, గోడకు ఆనుకొని నిలబడేది. కూర్చోమని చెప్పవే అని అతను నాతో అనేవాడు. కూర్చోమ్మా అని నేను ఆమెతో అనేదాన్ని. వద్దులే అని చెప్పు అని ఆమె నాతో అనేది. ఎదురెదురుగా ఉన్న ఇద్దరి మధ్య నాది పోస్టుమాన్ ఉద్యోగం.

మా ఇల్లు ఊరి చివర, ఇండూరు పోయే దారిలో ఉంటుంది. ముందు రెండు గదులు, వెనక పొడుగాటి పెరడు, పెరటి చివర మరుగుదొడ్డి. మా మామగారు కట్టించిన రోజుల్లో మరుగుదొడ్డి ఇంటికి ఎంత దూరంగా ఉంటే అంత గౌరవం అనుకునేవాళ్ళు. మధ్యలో బట్టలుతికే బండ, దాన్ని దాటితే జామచెట్టు, అక్కడ దారి కొంచెం వంపు తిరుగుతుంది. మాకది లెక్కలోకి వచ్చే దూరమే కాదు. అమ్మకు మాత్రం వెళ్ళిన ప్రతిసారీ నా చెయ్యి కావాలి.

ఆమె నీళ్ళు తాగడం మానేసిందని నేను ఆలస్యంగా కనిపెట్టాను. మంచం పక్కన పెట్టిన చెంబు సాయంత్రానికి కూడా నిండుగానే ఉండేది. పెదాలు పగిలాయి. లేస్తే తల తిరిగేది. ఒకరోజు చలిజ్వరం వచ్చి వణికిపోయింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ పరీక్షలు చూసి, నీళ్ళు తాగకనే ఇదంతా అని, మూత్రంలో చీము పట్టిందని, ఇలాగే ఉంటే మూత్రపిండాలు దెబ్బతింటాయని చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో దారి పొడవునా అరిచాను. కన్నతల్లికి గుక్కెడు నీళ్ళు పోయని కూతురినని జనం అనుకోవాలా అని అడిగాను. ఆటో నడిపే అతను రోడ్డు వదిలేసి అద్దంలో మమ్మల్నే చూస్తున్నాడు. ఇల్లు చేరి, మంచం మీద కూర్చోబెట్టాక, అమ్మ మెల్లగా చెప్పింది.

"తాగితే లేయాల పాపా. లేస్తే నిన్ను పిలవాల. ఆయప్ప ఇంట్లో ఉండేటప్పుడు ఎట్ల పిలిచేది? నన్ను దొడ్డికి చేయి పట్టుకొని తోడుకొని పోయేది అల్లుడు చూస్తా ఉంటే, ఆడనే చచ్చిపోతే బాగుండు అనిపిస్తాది."

నా కోపమంతా నీరుగారిపోయింది. ఆమె చెయ్యి పట్టుకొని కూర్చున్నాను. తలమీద ఇళ్ళు మోసిన మనిషి, నలుగురిలో ఎవరికీ లొంగని మనిషి, దాహం చంపుకొని బతుకుతోంది. ఆమె ఒంటరిగా, ఎవరి చెయ్యీ లేకుండా, ఆ పెరడు దాటి వెళ్ళి రావాలి. ఆ రోజునుంచి నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు.

ముందు తాడు కట్టాను. వెనక వాకిలి నుంచి మరుగుదొడ్డి దాకా నైలాన్ తాడు, పట్టుకొని నడవమన్నాను. అమ్మ దాన్ని ఒకసారి తడిమి వదిలేసింది. ఎనుముకు కట్టినట్టు నాకు తాడేంది అంది. ఆ తాడు మీద మర్నాటి నుంచి లంగాలు ఆరేసుకున్నాను.

ఆ రోజుల్లోనే బజారు వీధి వెనక ఒక పెద్ద పాత ఇంటిని పడగొట్టారు. మా ఆయన బండిలో ఎర్రటి నేల పెచ్చులు పెద్దపెద్దవి వచ్చాయి, కింద సున్నం కంకర అంటుకొని, పైన నున్నగా. ఆ నేలను ఇక్కడ కావి నేల అంటారు. ఒక మంచి ముక్కను కడిగి, బల్లగా చేసుకుందామని వెనక వసారాలో ఆరబెట్టాను. స్నానం చేసి వస్తున్న అమ్మను చెయ్యి పట్టుకొని తెస్తుంటే ఆమె కాలు దాని మీద పడింది. ఆగిపోయింది. అరికాలితో అటూ ఇటూ రుద్దింది. ఎన్నో నెలల తర్వాత ఆమె ముఖంలో నవ్వు చూశాను.

కావి నేల కదా ఇది అంది. పెద్దోళ్ళ ఇల్లు, నూనె పట్టించి పెంచిన నేల అంది. ఇక అక్కడే నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. మేస్త్రీ తాపీతో నున్నగా లాగి వెళ్ళిపోయాక, ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చొని ఏటి గులకరాళ్ళతో రుద్దేవాళ్ళట. నీళ్ళు చల్లడం, రుద్దడం, మళ్ళీ చల్లడం. చివరికి కొబ్బరినూనె పూసి, వంగి చూసుకుంటే ముఖం కనిపించేదట. ఇంటివాళ్ళు చేరాక ఆ నేల మీద మళ్ళీ అడుగు పెట్టే పని ఉండేది కాదని, అందుకే చివరి రోజు అందరూ దాని మీద కాసేపు ఊరికే నడిచేవాళ్ళమని చెప్పింది.

పరుగెత్తుకొని వెళ్ళి పెరట్లో పోగేసిన ముక్కలన్నీ తెచ్చి ఒక్కొక్కటే ఆమె పాదాల కింద పెట్టాను. మొజాయిక్ అంది. కడప రాయి అంది. మిద్దె మీద పరిచే పెంకు అంది. ఉలి గుర్తులున్న నల్లరాయి మీద నిలబడి, ఇది వాకిట్లో పరిచే బండ, ఈ పక్క బాగా అరిగిపోయింది, వాళ్ళు బిందెలు దించుకునే చోటేమో అంది. ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఆమెకు ఇక ఏమీ కనిపించదని నేను ఏడుస్తూ ఉన్నాను. ఆమె అరికాళ్ళు ఊళ్ళోని ఇళ్ళన్నిటినీ గుర్తు పెట్టుకొని ఉన్నాయి. ఆ పాదాలను నేనెప్పుడూ సరిగా చూడనైనా లేదు.

అలా పుట్టింది దారి. వసారా మెట్టు దగ్గర కావి ముక్కలు. ఉతికే బండ దాకా మొజాయిక్. అక్కడినుంచి జామచెట్టు వరకు నిలువుగా పేర్చిన ఇటుకలు. వంపు తిరిగాక మరుగుదొడ్డి వరకు ఉలి చెక్కిన నల్లరాళ్ళు. తడిసే చోట నున్నటివి పెడితే జారిపడతానని రాళ్ళు అక్కడ పెట్టమంది అమ్మే. అడుగు కింద ఏముందో దాన్ని బట్టి తను ఎక్కడుందో తెలుస్తుంది. తాడు అక్కర్లేదు, చెయ్యి అక్కర్లేదు.

ఆదివారాలు మా ఆయన మట్టి తవ్వి ఇసుక పోసేవాడు, నేను ముక్కలు పేర్చి సందుల్లో సిమెంటు నింపేదాన్ని. అతను పని ముగించి స్నానానికి వెళ్ళేదాకా అమ్మ ఆగేది. తర్వాత వచ్చి, నేల మీద కూర్చొని, పేర్చిన చోటంతా అరచేత్తో నిమిరేది. ఎక్కడ గోరంత ఎత్తు లేచినా కొట్టి దించమనేది. నా పనిలో వంకలు పెడితే నాకు గిట్టదు, అయినా దించాను.

ఉతికే బండ పక్కన మొజాయిక్ మధ్యలో ఒక పువ్వు పెట్టాను. నీలం పింగాణీ ముక్కలు, అంచులు రాతికి అరగదీసి మొద్దు చేసినవి. ఇది ఎవరు చూడటానికి అని మా ఆయన అడిగాడు. నీకు కళ్ళున్నాయి కదా, నువ్వు చూడు అన్నాను. మర్నాడు అమ్మను ఆ చోటికి తెచ్చి ఏమీ చెప్పకుండా వదిలాను. ఆమె కాలి బొటనవేలు ఒక రేకు చుట్టూ తిరిగింది, తర్వాత ఇంకో రేకు. పువ్వు పెట్టినావా అని అడిగింది. ఏం రంగు అని కూడా అడిగింది. నీలం అని చెప్పాను.

ఇక వంపు దగ్గర ఏదో ఒక గుర్తు కావాలి. అక్కడ ఇటుకలు ఆగి రాళ్ళు మొదలవుతాయి, దారి పక్కకు తిరుగుతుంది, ఏమరుపాటున నేరుగా పోతే గోడ తగులుతుంది. బజారు వీధి ఇంటి సామానులోనే ఒక పొడుగాటి చెక్క వచ్చింది. చేవ దేరిన పాత కలప, మందంగా, నల్లగా. రాళ్ళ మధ్య చెక్క తగిలితే ఎంత మొద్దు కాలికైనా తెలుస్తుందని దారికి అడ్డంగా నేలమట్టంగా పాతేశాను. దాని రెండు కొసల్లో చదరంగా తొలిచిన రంధ్రాలు ఉంటే సిమెంటుతో పూడ్చాను. మట్టి కడిగినప్పుడు సందుల్లో పసుపు రంగు కనిపించింది కానీ నా తొందరలో నేనున్నాను. పని పూర్తయిందని మురిసిపోతున్నాను.

మర్నాటి మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు అమ్మను మెట్టు దగ్గర నిలబెట్టి చెయ్యి వదిలాను. ఆమె మొదటి అడుగు వేసింది. కావి. మొజాయిక్. పువ్వు దగ్గర పక్కకు జరిగి, తొక్కకుండా పోయింది. ఇటుకల మీద అడుగుల వేగం పెరిగింది. అయ్యో, ఆమె నడక అది, తట్ట మోసేటప్పటి నడక! నేను చిన్నప్పుడు ఆ నడక వెనకే పరుగెత్తేదాన్ని. అప్పుడు కాలు చెక్క మీద పడింది.

ఆగిపోయింది. బొటనవేలితో ఆ చెక్క పొడవునా వెతుక్కుంటూ కొసకు పోయింది, రంధ్రం పూడ్చిన చోట ఆగింది. చటుక్కున కాలు వెనక్కి లాక్కుంది. వంగి, చేత్తో తాకి, ఆ చెయ్యి కళ్ళకు అద్దుకుంది. ఎవరింటి గడప ఇది అని అడిగింది.

అప్పుడు తట్టింది నాకు. గడప. ద్వారబంధం కింది చెక్క. ఆ రంధ్రాలు ద్వారబంధం నిలువు చెక్కలు, అంటే కమ్ములు, దిగేవి. ఆ పసుపు ఎవరెవరి చేతి పసుపో. మా ఇళ్ళలో గడప మీద కూర్చుంటే వీపు మీద దెబ్బ పడుతుంది, తొక్కడం మాట అటుంచండి. అలాంటిదాన్ని తీసుకెళ్ళి మరుగుదొడ్డి దారిలో కాళ్ళ కింద పరిచాను. ఇంకెవరైనా ఊళ్ళో ఈ పని చేసి ఉంటారా?

కానీ తప్పని ఒప్పుకునే నోరు కాదు నాది. ఇల్లే లేదు, గోడలు లేవు, తలుపు లేదు, ఇంక అది గడప ఎట్లా అవుతుంది, ఉత్త కట్టె అన్నాను. రంపం పెట్టి పొయ్యిలో వేసుకునేవాళ్ళే కదా అన్నాను. అమ్మ ముఖం ముడుచుకుపోయింది.

"ఇల్లు పోతే గడప కట్టె అయిపోతాదా పాపా? నేను నా ఆయుసులో ఒక గడప తొక్కింది లేదు. తలమీద తట్ట ఉన్నా కాలెత్తి దాటుకోనే పోయినాను. ఇప్పుడు కళ్ళు లేనందుకు తొక్కమంటావా?"

వెనక్కి తిరిగింది, నన్ను చెయ్యి పట్టుకోమంది. ఆ రోజునుంచి మళ్ళీ మొదటికి వచ్చాం. చెంబు ఎప్పటిలాగే సాయంత్రానికి నిండుగా మిగిలేది. నేను గడ్డపార తీసుకొని చెక్కను పెకలించబోయాను, సిమెంటు గట్టిపడి కదల్లేదు. గట్టిగా కొడితే చెక్క చీలుతుంది. చీల్చడానికి నాకూ చెయ్యి రాలేదు, ఉత్త కట్టె అన్న నోరు నాదే అయినా. జామచెట్టు కింద కూర్చొని కసితీరా ఏడ్చాను.

రాత్రి అన్నం పెడుతూ మా ఆయనకు అంతా చెప్పాను, సగం ఆమె మీద విసుగు, సగం నా మీద. అతను తిని లేచాడు. మర్నాడు పొద్దెక్కాక బండి హారను వినిపిస్తే బయటికి వచ్చి చూశాను. బండిలో రెండు నిలువు కమ్ములు, పైన అడ్డ కమ్మి, దాని మీద చెక్కిన తామరపువ్వు. అదే ఇంటి ద్వారబంధం. సేలం రోడ్డు మీద పాత కలప అమ్మేచోట గోడకు ఆనించి ఉందట. కింద గడప లేదని ఎవరూ తీసుకోలేదట. నేను అతన్ని తెమ్మని అడగలేదు, అతనూ తెస్తానని చెప్పలేదు.

అతను వసారాలోకి వచ్చాడు. అమ్మ అలవాటుగా లేచి గోడకు నిలబడింది. అతను నా వైపు చూడలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి నేరుగా ఆమెతోనే మాట్లాడాడు.

"అత్తా, గడపను పండబెట్టినాము, అదే తప్పు. ఇప్పుడు లేపి నిలబెడతాము. మీరు దాటుకొని పోండి."

అమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. తల ఊపింది. నేను లోపలికి వెళ్ళి, పనేమీ లేకపోయినా గిన్నెలు సర్దాను.

మా వీధి మేస్త్రీ వచ్చి సిమెంటు జాగ్రత్తగా తొలిచి గడపను లేపాడు. నిలువు కమ్ములు ఆ రంధ్రాల్లోకి దిగిన క్షణం చూడాలి. అంత పెద్ద ఇల్లు కూలిపోయింది, ఆ ముక్కలు వేరువేరు బండ్లలో వేరువేరు చోట్లకు పోయాయి, అయినా ఆ కమ్మి ఆ రంధ్రంలోకి వెళ్ళి కూర్చుంది, సందు లేకుండా. మేస్త్రీ కూడా చెయ్యి తీసి ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు. చేసిన వడ్రంగి ఎవరో, ఎప్పుడు పోయాడో. అతని చెయ్యి మాత్రం మా పెరట్లో ఉంది.

ద్వారబంధం నిలబెట్టేటప్పుడు కింద నవధాన్యాలు వేసి గడపకు పసుపు పూసి పూజ చేయడం మా వైపు ఆచారం. పెరట్లో గోడ లేని వాకిలికి పూజేమిటని మేస్త్రీ నవ్వాడు. చేయాల్సిందే అని నేను పట్టుబట్టాను. పసుపు కలిపి చూస్తే అమ్మ లేదు. వసారా మూలకు వెళ్ళి, గోడవైపు తిరిగి నిలబడి ఉంది.

ఎందుకని అడగక్కర్లేదు. నాన్న పోయినప్పటినుంచి ప్రతి కట్టుబడి దగ్గరా ఇదే చేసింది. ఇటుకలన్నీ ఆమె మోసేది, ద్వారబంధం నిలబెట్టే వేళకు ఇసుక కుప్ప వెనక్కి వెళ్ళిపోయేది. ఎవరూ పొమ్మనకముందే. నేను వెళ్ళి పసుపు గిన్నె ఆమె చేతిలో పెట్టాను. నా చేత్తో వద్దు పాపా అంది. ఈ వాకిలి నీకోసం కాకపోతే ఎవరికోసం, మాకు కళ్ళు లేవా, కాళ్ళు లేవా అని గట్టిగా అరిచాను. బయటినుంచి మా ఆయన, నాకు కాదు, ఆమెకే వినిపించేట్టు, అత్తే పూయాలని అన్నాడు.

ఆమె పెరట్లోకి వచ్చి గడప ముందు కూర్చుంది. మొదట వేలి కొసలతో, తర్వాత అరచేయంతా పెట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా పసుపు పూసింది. పాత పసుపు దిగిన గాడిలోకి ఆమె చూపుడువేలు తనంతట తనే దిగి నడిచింది. ఆ పాత ఇంట్లో ఎవరో ఆవిడ పూసీ పూసీ ఆ గాడి పడి ఉంటుంది. మేస్త్రీ తలపాగా తీసి పక్కన నిలబడ్డాడు. నాకు ఏ గుడిలోనూ అలా చేతులు జోడించాలనిపించలేదు.

వీధిలో నవ్వుల పాలయ్యామనుకోండి. అటూ ఇటూ గోడ లేదు, పైన కప్పు లేదు, తలుపు లేదు, పెరటి మధ్యలో తామరపువ్వు చెక్కిన ద్వారం. మా నెమలిని కోడన్న పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, గృహప్రవేశం సాపాటు ఎప్పుడని అడిగింది. మీ ఇంట్లో కోడి కూర వండిన రోజు అన్నాను.

కొన్నాళ్ళు అమ్మ నేను తోడుంటేనే ఆ దారిలో నడిచింది, నా చెయ్యి పట్టుకోకుండా. తర్వాత ఒక మధ్యాహ్నం మా ఆయన అన్నానికి వచ్చాడు. చెప్పుల చప్పుడు వినిపించింది. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. అమ్మ లేచింది, కానీ గోడ దగ్గరికి పోలేదు. పక్కనున్న చెంబెత్తి గటగటా తాగింది, దించింది, వెనక మెట్టు దిగింది.

పడిపోతుందేమోనని వెంటే వెళ్ళాను, చప్పుడు కాకుండా గాజులు పైకి తోసుకొని. కావి మీద నడిచింది, మొజాయిక్ మీద నడిచింది, పువ్వును తప్పించి పోయింది. ఇటుకల మీద నడిచి వాకిలి దగ్గర ఆగింది. చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి, నిలువు కమ్మిని ఒక చేత్తో తాకి, గడప తొక్కకుండా దాటింది. అవతల నల్లరాళ్ళ మీద అడుగుల చప్పుడు తేడాగా వినిపించింది. మరుగుదొడ్డి తలుపు పడింది. నేను వాకిలి ఇవతలే నిలబడిపోయాను.

ఆమె బయటికి వచ్చి, తొట్టి నీళ్ళతో చేతులూ కాళ్ళూ కడుక్కొని, జామచెట్టు కిందికి వచ్చి నిలబడింది. ఇటు తిరిగింది. నా గాజులు ఎప్పుడు జారి గలగలమన్నాయో నాకు తెలియదు.

"ఎవురది? పాపవా? వాకిట్లోనే నిలబడుకొని ఉండావే. లోపలికి రా."

లోపల అంటే జామచెట్టు, రాళ్ళు, పైన ఎండ. ఇంకేమీ లేదు. కానీ ఆమె కొంగు సర్దుకొని, ద్వారానికి ఎదురుగా నిలబడి, ఇంటికి వచ్చినవాళ్ళను పిలిచే ఇల్లాలి గొంతుతో పిలిచింది. అద్దె గదిలో ఆమె ఎవరినీ అలా పిలవగా నేను వినలేదు, నా ఇంట్లోనూ వినలేదు. మా అమ్మ నన్ను తన ఇంటికి రమ్మని పిలుస్తోంది.

నేను కొంగుతో కళ్ళు తుడుచుకొని, కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్ళాను.